బోటు ఇంజన్ బెల్ట్ తెగిందా? కొత్తది వేసే ముందు పాతదాన్ని చూడండి

బెల్ట్ తెగి ఒడ్డుకు చేరిన బోటు దగ్గరకు వెళ్తే చాలాసార్లు ఒకటే దృశ్యం. యజమాని చేతిలో కొత్త బెల్ట్ సిద్ధంగా ఉంటుంది, పాతది ఎప్పుడో నీళ్లపాలై ఉంటుంది. నాకు కావాల్సింది మాత్రం ఆ పాతదే. బెల్ట్ తనంతట తాను ముసలిదై తెగడం తక్కువ. ఎక్కువసార్లు దాన్ని ఏదో ఒకటి తెంపుతుంది. బిగుసుకుపోయిన బేరింగ్ కావచ్చు, తుప్పు పట్టిన పుల్లీ కావచ్చు, వరస తప్పిన బ్రాకెట్ కావచ్చు, మోయలేనంత లోడ్ కావచ్చు. ఆ కారణం అక్కడే ఉండగా కొత్త బెల్ట్ వేస్తే అదీ తెగుతుంది.

ఇక్కడ చెప్పేది ఇన్‌బోర్డ్ (ఇంజన్ బోటు లోపల ఉండేది), స్టెర్న్‌డ్రైవ్ (ఇంజన్ లోపల, దాన్ని ప్రొపెల్లర్‌కు కలిపే డ్రైవ్ బోటు వెనక ఉండేది) ఇంజన్ల గురించి. బోటు వెనక బయట తగిలించే ఔట్‌బోర్డ్‌ల సంగతి వేరు, దాన్ని చివర్లో చెప్తాను.

ముందు ఇది తెలియాలి: మీ బెల్ట్ ఏమేం తిప్పుతోంది?

క్రాంక్ షాఫ్ట్ చివర ఉండే పెద్ద పుల్లీ బెల్ట్‌ను తిప్పుతుంది, బెల్ట్ మిగతావాటిని తిప్పుతుంది. ఆ మిగతావి ఏమిటన్నది బోటును బట్టి మారుతుంది. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ దాదాపు అన్నిట్లో ఉంటుంది. ఇంజన్ లోపలి నీటిని తిప్పే సర్క్యులేటింగ్ పంపు, బయటి నీటిని లోపలికి లాగే సీ వాటర్ పంపు, పవర్ స్టీరింగ్ పంపు కూడా ఆ బెల్ట్ మీదే ఉండొచ్చు. పాత ఇంజన్లలో రెండు మూడు వీ బెల్టులు (వీ ఆకారపు గాడిలో కూర్చునేవి) పని పంచుకుంటాయి. కొత్తవాటిలో చాలావరకు లోపలి వైపు పొడవునా సన్నటి గట్లు (రిబ్బులు) ఉండే ఒకే పొడవాటి సర్పెంటైన్ బెల్ట్ (రిబ్ బెల్ట్) అన్నిటి చుట్టూ మెలికలు తిరిగి వస్తుంది. అది తెగితే అన్నీ ఒకేసారి ఆగిపోతాయి.

ఒక ఉదాహరణ చెప్తాను. మెర్‌క్రూజర్ అనే కంపెనీ ఆల్ఫా డ్రైవ్‌లో సీ వాటర్ పంపు డ్రైవ్ లోపలే ఉంటుంది. కాబట్టి ఇంజన్ మీది బెల్ట్ తెగినా బయటి నీరు వస్తూనే ఉంటుంది. అదే కంపెనీ బ్రావో డ్రైవ్ ఉన్న చాలా ఇంజన్లలో ఆ పంపు ఇంజన్ ముందు ఉండి బెల్ట్‌తోనే తిరుగుతుంది. బెల్ట్ తెగితే నీరు ఆ క్షణమే ఆగుతుంది. ఒకే పేరు, ఒకే రంగు ఇంజన్లయినా తెగినప్పుడు చేయాల్సిన పని ఒకటి కాదు. అందుకే ఒడ్డున ఉండగానే ఇంజన్ కవర్ తీసి, బెల్ట్ ఏ పుల్లీ మీదుగా ఎటు వెళ్తోందో ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. సర్పెంటైన్ బెల్ట్ దారి గుర్తుంటుందనుకుంటాం. తెగి కింద పడ్డాక, బోటు ఊగుతుంటే, అది ఎవరికీ గుర్తుండదు.

నడుస్తుండగా తెగితే

లక్షణాలు దాదాపు ఒకేసారి కనిపిస్తాయి. ఇంజన్ గదిలో టప్‌మని ఒక దెబ్బ, లేదా ఏదో కొట్టుకుంటున్న శబ్దం. వోల్ట్ మీటర్ 14 దగ్గర ఉన్నది 12 వైపు దిగుతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది. కాసేపటికి టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది. చాలా డీజిల్ ఇంజన్లలో ఆర్‌పీఎం మీటర్ ఆల్టర్నేటర్ నుంచి సిగ్నల్ తీసుకుంటుంది కాబట్టి, ఇంజన్ మామూలుగా తిరుగుతున్నా ఆ మీటర్ సున్నాకు పడిపోతుంది. ఇది చూసి మీటర్ పాడైందని అనుకోకండి.

మొదట వేగం పూర్తిగా తగ్గించండి. ప్రవాహం, రాళ్లు, పెద్ద ఓడల దారి, ఇవేవీ దగ్గర్లో లేకపోతే ఇంజన్ ఆపేసి లంగరు వేయండి. ప్రమాదం దగ్గర్లో ఉంటే నిదానంగా, ఒకటి రెండు నిమిషాల పాటు మాత్రం ఇంజన్ వాడి పక్కకు తప్పుకోండి. పవర్ స్టీరింగ్ పోయినా చక్రం తిరుగుతుంది, బలం ఎక్కువ పెట్టాలి అంతే.

టెంపరేచర్ గేజ్ నార్మల్‌గా ఉందని నమ్మి ఇంజన్ నడపడం పెద్ద పొరపాటు. సీ వాటర్ ఆగినప్పుడు ముందు దెబ్బ తినేది పొగ గొట్టానికి ఉన్న రబ్బరు హోస్. ఆ హోస్‌ను చల్లబరిచేది పొగతో కలిసి బయటకు పోయే నీరే. అది ఆగితే ఇంజన్ ఇంకా వేడెక్కకముందే హోస్ మాడడం మొదలవుతుంది. పైగా లోపల నీరు తగ్గి సెన్సర్ తేలిపోతే గేజ్ తక్కువే చూపిస్తుంది. కాబట్టి గేజ్‌తో పాటు, ఎగ్జాస్ట్ నుంచి నీరు పడే బోట్లలో అది పడుతోందో లేదో కూడా కళ్లారా చూడాలి.

తెగిన బెల్ట్ ఆల్టర్నేటర్‌ను ఒక్కదాన్నే తిప్పేదైతే కంగారు అక్కర్లేదు. ఇంజన్ బ్యాటరీ మీద నడుస్తుంది. ఫ్రిజ్, మ్యూజిక్, అక్కర్లేని లైట్లు ఆపేసి, రేడియో, నావిగేషన్ లైట్లు, బోటు అడుగున (బిల్జ్‌లో) చేరే నీటిని తోడే బిల్జ్ పంపుకు కరెంటు మిగల్చండి. మెకానికల్ ఇంజెక్షన్ పాత డీజిల్ అయితే చాలా దూరం వస్తుంది, దానికి కరెంటు అవసరం తక్కువ. కాకపోతే ఇంధనాన్ని తెరిచి మూసే కరెంటు కవాటం (ఫ్యూయల్ సోలినాయిడ్) కరెంటు ఉంటేనే తెరుచుకునే రకం కాదని చూసుకోండి. పెట్రోల్ ఇంజన్‌కూ, కంప్యూటర్‌తో నడిచే డీజిల్‌కూ బ్యాటరీ అయిపోతే ఇంజన్ ఆగిపోతుంది. అన్నట్టు, చిన్న డీజిల్ ఇంజన్లలో ఆల్టర్నేటర్‌నూ సర్క్యులేటింగ్ పంపునూ ఒకే బెల్ట్ తిప్పడం మామూలే. కనుక "ఛార్జింగ్ బెల్టే కదా" అని చూడకుండా బయలుదేరకండి. ఇంజన్ తిరుగుతుండగా బ్యాటరీ స్విచ్ ఆఫ్ చేయొద్దు. ఆల్టర్నేటర్ డయోడ్లు ఆ క్షణంలోనే కాలిపోవచ్చు.

స్పేర్ బెల్ట్ లేకపోతే తాడు ముడివేసో, మేజోళ్లు కట్టో నడపొచ్చని చెప్తుంటారు. చిన్న పుల్లీ చుట్టూ ఆ ముడి తిరగదు. జారి ఎగిరి చేతికో, హోస్‌కో తగులుతుంది. సర్పెంటైన్ పుల్లీల మీద అసలు నిలవదు. వీ బెల్ట్ ఇంజన్ అయితే లింకులుగా విడదీసి పొడవు సరిచేసుకునే లింక్ బెల్ట్ ఒకటి బోటులో పెట్టుకోవడం మంచి పని. అదీ లేకపోతే, ప్రాణాపాయం లేకున్నా సాయం కావాల్సిన స్థితి కాబట్టి, వీహెచ్ఎఫ్ రేడియోలో ఛానెల్ 16 మీద పాన్-పాన్ (ఇలాంటి స్థితిలో సాయం కోరే పిలుపు) అని పిలిచి మీరున్న చోటు చెప్పండి.

తెగకముందే చెప్పే లక్షణాలు

స్టార్ట్ చేయగానే కీచుమని అరిచి, రెండు మూడు నిమిషాల్లో ఆగిపోతుంటే బెల్ట్ జారుతోంది. స్టార్టర్ తినేసిన కరెంటును బ్యాటరీకి తిరిగి ఇవ్వడానికి ఆల్టర్నేటర్ మొదట్లో పూర్తి బరువు లాగుతుంది, లూజు బెల్ట్ ఆ బరువుకు నిలవదు. బ్యాటరీ కాస్త నిండాక బరువు తగ్గుతుంది, అరుపు ఆగుతుంది. ఇది నిజమో కాదో తేల్చాలంటే ఇంజన్ తిరుగుతుండగా బ్లోయర్ (ఇంజన్ గది గాలిని బయటకు తోడే ఫ్యాన్), పెద్ద లైట్లు అన్నీ ఒకేసారి వేయండి. అరుపు తిరిగొస్తే లూజే. బిగించండి. జారి జారి పక్కలు అద్దంలా మెరుస్తుంటే మాత్రం బిగించినా పట్టు రాదు, మార్చేయాల్సిందే. బెల్ట్ డ్రెస్సింగ్ స్ప్రేలు వాడొద్దు. ఒక్కరోజు శబ్దం ఆపి, తర్వాత దుమ్మంతా పట్టి ఇంకా పాడుచేస్తాయి.

కీచు కాకుండా పిచ్చుకలా కిచకిచమంటుంటే, అదీ ఇంజన్ వేగంతో పాటు పెరుగుతుంటే, పుల్లీలు ఒక వరసలో లేవని అనుమానించాలి. రిబ్ బెల్ట్‌కు తేలికైన పరీక్ష ఒకటుంది. చిన్న స్ప్రే సీసాతో బెల్ట్ రిబ్బుల వైపు కొద్దిగా మంచినీళ్లు చల్లండి, ఆల్టర్నేటర్ మీద పడనివ్వకండి, చేయి దూరంగా ఉంచండి. శబ్దం కాసేపు ఆగి మళ్లీ వస్తే వరస తప్పింది. నీళ్లు పడగానే పెరిగితే బిగువు చాలడం లేదు.

ఇంజన్ ముందు భాగంలో, బిల్జ్‌లో నల్లటి పొడి కనిపిస్తే బెల్ట్ అరుగుతోందని అర్థం. కొత్త బెల్ట్ సర్దుకునేటప్పుడు కొంచెం పొడి రావడం మామూలే. తుడిచాక మళ్లీ మళ్లీ వస్తుంటే తుప్పునో వరసనో వెతకాలి.

పగుళ్ల విషయంలో ఒక జాగ్రత్త. పాతకాలపు నియోప్రీన్ రబ్బరు బెల్టులు ముసలివైతే పగుళ్లిస్తాయి. 75 మిల్లీమీటర్ల పొడవులో ఒక రిబ్ మీద మూడు పగుళ్లుంటే మార్చాలన్నది వాటి లెక్క. ఇప్పుడొచ్చే ఈపీడీఎం అనే వేరే రకం రబ్బరు బెల్టులు పగలకుండానే కారు టైరులా అరిగిపోతాయి. పగుళ్లు లేవు కదా అని వదిలేస్తే, లోతుగా కూర్చుని పట్టు కోల్పోయిన బెల్ట్‌తో నీళ్లలోకి వెళ్తారు.

పాత బెల్ట్ చెప్పే కారణం

తెగిన బెల్ట్‌ను నిదానంగా వేలితో తడిమి చూడండి.

ఒక పక్క మాత్రమే అరిగి, అంచు దారాలు పీచులా వేలాడుతుంటే పుల్లీల వరస తప్పింది. పొడవాటి నిటారు పట్టీ ఒకటి రెండు పుల్లీల ముఖాలకు ఆనించి చూడండి. 30 సెంటీమీటర్ల దూరానికి 1.5 మిల్లీమీటర్ల తేడా ఉన్నా రిబ్ బెల్ట్‌కు ఇబ్బందే. ఇంజన్ వణుకుకు ఆల్టర్నేటర్ బ్రాకెట్ బోల్టు రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలో సాగిపోవడం చాలా చూశాను. బోల్టు ఎంత బిగించినా బరువు పడగానే ఆల్టర్నేటర్ ముందుకు వాలుతుంది. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు పట్టీ పెట్టి చూస్తే వరస సరిగ్గానే కనిపిస్తుంది! అందుకే చేత్తో ఆల్టర్నేటర్‌ను గట్టిగా ఊపి కూడా చూడాలి. కదిలితే బ్రాకెట్, బుష్, బోల్టు మార్చాలి. వరస చూసుకుని కొలత వాషర్లు పెట్టాలి.

రెండు పక్కలా రబ్బరు గరుకుగా, ఉప్పు కాగితంతో రుద్దినట్టు ఉంటే పుల్లీ గాడుల్లో తుప్పు ఉంది. కొన్ని నెలలు ఆపి ఉంచిన బోటులో ఇది మొదట వచ్చే కారణం. తుప్పు పైకి కనిపించదు, బెల్ట్ కింద దాగి ఉంటుంది. వైర్ బ్రష్‌తో, ఎమరీ కాగితంతో గాడిని నున్నగా చేసి గుడ్డతో పొడి తుడవండి. గాడిలో మందంగా పెయింట్ వేయకండి, బెల్ట్ కూర్చునే కొలత మారిపోతుంది. తుప్పు తిని గుంటలు పడిన పుల్లీని మార్చడమే దారి. ఆ తుప్పు ఎందుకు పట్టిందో కూడా చూడండి. పైన సీ వాటర్ పంపు సీల్ కారుతూ ఉంటే, తిరిగే పుల్లీ ఆ ఉప్పు నీటిని ఇంజన్ ముందంతా చిమ్ముతుంది. తెల్లటి ఉప్పు మరకల వరసను వెనక్కి పట్టుకుంటూ వెళ్తే కారే చోటు దొరుకుతుంది.

వీ బెల్ట్ అడుగు మెరుస్తూ ఉంటే, పుల్లీ గాడి అడుగు కూడా మెరుస్తుంటే, బెల్ట్ పక్కల మీద కాకుండా అడుగు మీద కూర్చుంటోంది. వీ బెల్ట్ బలమంతా పక్కల ఒరుపులోనే ఉంది. ఒకటి గాడి అరిగి ఉండాలి, లేదా పొడవు సరిపోయిందని సన్నపు బెల్ట్ వేసి ఉండాలి. సరైన బెల్ట్ పై అంచు పుల్లీ అంచుతో సమానంగానో, పిసరంత పైకో ఉంటుంది.

బెల్ట్ మెత్తబడి, ఉబ్బి, జిగటగా ఉంటే దాని మీద నూనె పడింది. నూనె లీకు ఆపి, పుల్లీలు సబ్బు నీళ్లతో కడిగి, కొత్త బెల్ట్ వేయండి. నూనె తాగిన బెల్ట్‌ను కడిగి వాడలేం.

ఒకచోట నల్లగా మాడి తెగితే ఏదో పుల్లీ తిరగడం ఆగిపోయి, దాని మీద బెల్ట్ ఈడ్చుకుంటూ కాలింది. బెల్ట్ లేనప్పుడు ప్రతి పుల్లీనీ చేత్తో తిప్పండి. ఆల్టర్నేటర్, ఐడ్లర్ (బెల్ట్‌కు దారి చూపే ఖాళీ పుల్లీ) నున్నగా తిరగాలి. గరగరమన్నా, పక్కకు ఊగినా బేరింగ్ పోయినట్టే. సీ వాటర్ పంపు లోపల రబ్బరు ఇంపెల్లర్ (నీటిని తోసే రెక్కల చక్రం) ఉంటుంది కాబట్టి అది కాస్త బరువుగా తిరగడం సహజం. మొత్తం చుట్టూ ఒకే బరువు ఉండాలి, మధ్యలో పట్టేయకూడదు. సర్క్యులేటింగ్ పంపు కింద చిన్న రంధ్రం నుంచి నీటి చుక్కలు వస్తుంటే దాని సీల్ అయిపోయింది, బేరింగ్ రేపో మాపో పోతుంది. ఈ పరీక్షకు ఐదు నిమిషాలు చాలు. ఒక్క పరీక్షే చేయగలిగితే నేను ఇదే చేస్తాను.

ఏ గుర్తూ లేకుండా బెల్టులు వరసగా కాలిపోతుంటే

ఒక బోటుతో నేను చాలా రోజులు తిప్పలు పడ్డాను. వరస బాగుంది, పుల్లీలు నున్నగా ఉన్నాయి, బేరింగులు బాగున్నాయి. అయినా ప్రతి బెల్టూ కొద్ది గంటల్లో పక్కలు మాడి పొడైపోయేది. ఒకసారి యజమాని మాటల్లో, పాత లెడ్ ఆసిడ్ బ్యాటరీలు తీసి లిథియం వేయించానని చెప్పారు. అదీ సంగతి.

లెడ్ ఆసిడ్ బ్యాటరీ మొదట కొంచెంసేపే ఎక్కువ కరెంటు తీసుకుని తర్వాత తగ్గిస్తుంది. లిథియం బ్యాటరీ దాదాపు నిండేవరకు ఆల్టర్నేటర్ ఇవ్వగలిగినంతా లాగుతూనే ఉంటుంది. 100 ఆంపియర్లు, 14 వోల్టులు అంటే 1400 వాట్లు. మామూలు ఆల్టర్నేటర్ తనకొచ్చిన శక్తిలో సగానికి కాస్త పైనే కరెంటుగా మారుస్తుంది కాబట్టి, బెల్ట్ మోయాల్సింది దాదాపు రెండున్నర కిలోవాట్లు, గంటల తరబడి. 10 మిల్లీమీటర్ల సన్నపు వీ బెల్ట్ దీనికి చాలదు. 13 మిల్లీమీటర్లది ఒక్కటైతే 100 ఆంపియర్ల దగ్గర దాని హద్దు వచ్చేస్తుంది. ఎక్కువమంది ఇక్కడ చేసే పని బెల్ట్‌ను ఇంకా బిగించడం. దాంతో బెల్ట్‌కు బదులు పంపు బేరింగ్, ఆల్టర్నేటర్ బేరింగ్ పోతాయి, ఖర్చు పెరుగుతుంది.

సరైన పరిష్కారాలు రెండు. పుల్లీలతో సహా జంట బెల్ట్‌కో, వెడల్పాటి సర్పెంటైన్ బెల్ట్‌కో మార్చడం మొదటిది. ఆల్టర్నేటర్ ఛార్జింగ్‌ను అదుపు చేసే బయటి రెగ్యులేటర్ ఉంటే దానిలో గరిష్ఠ కరెంటు తగ్గించే సెట్టింగ్ వాడడం రెండోది. ఆ బోటులో ముందు సెట్టింగ్ తగ్గించాం, ఆ రోజు నుంచే నల్ల పొడి ఆగిపోయింది.

ఆల్టర్నేటర్ మార్చాల్సి వస్తే ఒక మాట. పెట్రోల్ ఇంజన్ ఉన్న బోటులో కారు ఆల్టర్నేటర్ పెట్టకండి, పెట్టనివ్వకండి. మెరైన్ ఆల్టర్నేటర్ నిప్పురవ్వ బయటకు రాకుండా కట్టి ఉంటుంది. ఇంజన్ గదిలో పెట్రోల్ ఆవిరి నిలిచి ఉంటే ఒక్క రవ్వ చాలు.

కొత్త బెల్ట్ వేసే పద్ధతి

ఇంజన్ ఆపి, తాళం చెవి తీసి జేబులో పెట్టుకోండి. బ్యాటరీ స్విచ్ ఇప్పుడు ఆఫ్ చేయాలి. ఆల్టర్నేటర్ వెనక లావు తీగకు ఎప్పుడూ కరెంటు ఉంటుంది, స్పానర్ తగిలితే మెరుపే. ఇంజన్ చల్లారనివ్వండి. వేడిగా ఉండగా కూలెంట్ మూత జోలికి వెళ్లొద్దు.

తెగిన ముక్కలన్నీ ఏరి తీయండి. బెల్ట్ లోపలి దారాలు క్రాంక్ పుల్లీ వెనక చుట్టుకుని ముందరి ఆయిల్ సీల్‌ను కోసేయగలవు. టార్చి వేసి ఆ సందులో చూడకుండా కొత్తది వేయకండి.

వీ బెల్ట్ అయితే ఆల్టర్నేటర్ కింది బోల్టు, పైన సర్దుబాటు బోల్టు వదులు చేసి, ఆల్టర్నేటర్‌ను ఇంజన్ వైపు నెట్టి బెల్ట్ తొడగండి. స్క్రూడ్రైవర్‌తో పుల్లీ అంచు మీదుగా బలవంతంగా ఎక్కించొద్దు. లోపలి దారాలు కనిపించకుండా తెగి, ఆ బెల్ట్ కొన్నాళ్లకు గాడిలో తిరగబడుతుంది. సర్పెంటైన్ అయితే ఫొటో చూసి దారి వేసి, బెల్ట్‌ను స్ప్రింగ్‌తో బిగువుగా ఉంచే టెన్షనర్ చేతిని రెంచ్‌తో తిప్పి పట్టుకుని చివరి పుల్లీ మీదకు జార్చండి. టెన్షనర్ నిదానంగా, ఎక్కడా పట్టకుండా వెనక్కి రావాలి. స్ప్రింగ్ నీరసించి ఉంటే కొత్త బెల్ట్ వేసీ లాభం లేదు. తర్వాత ప్రతి పుల్లీలోనూ రిబ్బులన్నీ గాడుల్లో కూర్చున్నాయో వేలితో తడమండి. ఒక్క రిబ్ పక్కకు పడినా నిమిషాల్లో బెల్ట్ చీలిపోతుంది.

వీ బెల్ట్ బిగించేటప్పుడు కర్ర పిడి ఒకటి ఆల్టర్నేటర్ ముందు భాగానికి, బ్రాకెట్ పక్కన ఆనించి లాగండి. వెనక భాగానికి ఆనిస్తే అల్యూమినియం పగులుతుంది. బిగువు ఎంత అన్నదానికి ఇంజన్ మాన్యువల్‌లోని లెక్కే చివరి మాట. అది దగ్గర లేకపోతే, అతి పొడవైన భాగం మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే 10 నుంచి 13 మిల్లీమీటర్లు దిగాలి. అదే చోట రెండు వేళ్లతో మెలిపెడితే 90 డిగ్రీల దాకా తిరగాలి. అంతకు మించి తిరిగితే లూజు, సగం కూడా తిరగకపోతే అతి బిగువు.

పెట్రోల్ ఇంజన్ అయితే స్టార్ట్ చేసే ముందు బ్లోయర్ కనీసం నాలుగు నిమిషాలు నడపండి, తర్వాత ముక్కుతో కూడా వాసన చూడండి. స్టార్ట్ అయ్యాక వోల్ట్ మీటర్ 13.8 నుంచి 14.4 మధ్యకు రావాలి, ఎగ్జాస్ట్ నీరు పడాలి. అరగంట నడిపి ఆపి, బిగువు మళ్లీ చూడండి. కొత్త వీ బెల్ట్ సాగుతుంది, ఇది దాని స్వభావం. ఐదు పది గంటలు నడిచాక ఇంకోసారి చూడండి. ఈ రెండోసారి చూడకపోవడం వల్లే చాలా మంచి బెల్టులు జారి, కాలి, తొందరగా పోతాయి.

స్పేర్‌గా ప్రతి బెల్ట్‌కూ ఒకటి, దానికి సరిపడే స్పానర్లు ఒకే సంచిలో బోటులోనే ఉంచండి. కొన్న కొత్త బెల్ట్‌ను ఒడ్డున ఒకసారి వేసి చూసి, సరిపోయిందని తేలాకే స్పేర్ అనండి. నంబరు సరిగ్గా ఉండి కూడా పొడవు సరిపోని సందర్భాలున్నాయి.

ఔట్‌బోర్డ్ అయితే

చాలా ఔట్‌బోర్డ్‌లలో ఛార్జింగ్ ఫ్లైవీల్ కింది కాయిల్ నుంచే వస్తుంది, నీటి పంపు కింద గేర్ కేస్ దగ్గర ఉంటుంది. పైన బెల్ట్ కనిపించిందంటే అది ఎక్కువగా ఫోర్ స్ట్రోక్ ఇంజన్ టైమింగ్ బెల్ట్, అంటే వాల్వులు సరైన సమయంలో తెరుచుకునేలా చేసే పళ్ల బెల్ట్. దాన్ని ఇంజన్ ఎన్ని గంటలు నడిచింది, ఎన్నేళ్లయింది అనే రెండు లెక్కల్లో ఏది ముందొస్తే దాని ప్రకారం మార్చాలి. పళ్లు అరిగినా, అంచు పీచుగా ఉన్నా, నూనె పట్టినా గడువు కోసం ఆగొద్దు. నడుస్తున్న ఔట్‌బోర్డ్ ఒక్కసారిగా ఆగి, స్టార్టర్ నొక్కితే ఎప్పుడూ లేనంత తేలిగ్గా, ఒత్తిడి లేకుండా తిరుగుతుంటే ఆ బెల్ట్ తెగి ఉండొచ్చు. మళ్లీ స్టార్టర్ నొక్కకండి. కొన్ని ఇంజన్లలో పిస్టన్ వెళ్లి తెరిచి ఉన్న వాల్వులకు తగిలి వాటిని వంచేస్తుంది. కవర్ తీసి కంటితో చూడండి, తెగి ఉంటే ఇంకో బోటుతో లాగించుకుని రండి. టైమింగ్ గుర్తులు కలపకుండా నీళ్ల మీద కొత్తది తొడిగే ప్రయత్నం చేయొద్దు.